తలుపు బల్ల

ఆఫీసు కాస్తా ఆఫ్ అయిపోయింది. అద్దె భవనం ఖాళీ చేసి, కట్టడాల ప్లాన్లు గీసేవాళ్ళంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని గీసుకోండన్నారు పెద్ద ఇంజినీరుగారు. మన డ్రాఫ్ట్స్‌మన్‌ని మాత్రం పక్కకి పిలిచారు.

"ఏమయ్యా స్కేలూ, నీ ఇల్లు చూస్తే చిన్నది, సందడి చూస్తే పెద్దది. అక్కడ పని కుదురుతుందా? లేదంటే దూరం బ్రాంచిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఈ ఆసుపత్రి ప్లాను ఇంటినుంచి గీసి పంపు. చూసి చెప్తాను."

కనబడిందల్లా కొలుస్తాడని ఆయనకి స్కేలు అనే పేరు ఖాయమైపోయింది. ఆ ఖాళీ కుర్చీని మాత్రం కొలవబుద్ధి కాలేదు. అంత దూరం వెళితే ఇల్లు వారానికోసారి కనబడుతుంది. కూతురు ఆయన చెయ్యి పట్టుకోనిదే నిద్రపోదు. ఆ చెయ్యి బ్రాంచిదాకా సాగదు.

"ఇక్కడే చేస్తాను. బల్ల గుద్ది చెప్తున్నా!" అన్నాడు ఇంటికొచ్చి.

"ముందు గుద్దటానికి బల్ల తెచ్చుకోండి," అంది భార్య.

దుకాణానికి వెళ్ళాడు. బల్లల ధరలు చూసి నేలమీద కూర్చున్నంత పని చేశాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చి, వంటింటి పక్కనున్న సామాన్ల గది గుమ్మంలో నిలబడి ఆలోచించాడు. కిటికీ ఉంది. తలుపుంది. తలుపు... పాతకాలపు మంచి చెక్క, నున్నగా, నిడుపుగా, ఒక్క వంకర లేదు. తలుపు చూడగానే తలపు పుట్టింది. తలపు పుట్టగానే స్క్రూడ్రైవర్ చేతికొచ్చింది.

సాయంత్రానికల్లా తలుపు బందులు ఊడి, రెండు ట్రంకుపెట్టెల మీద అడ్డంగా పడుకుంది. మోచెయ్యి ఆనితే భుజం పైకి లేవకుండా ఎత్తు సరిచూశాడు. తెర కంటికెదురుగా ఉండాలని కంప్యూటరు కింద పాత పుస్తకాలు పేర్చాడు. కిటికీ ఎడమచేతి వైపు వచ్చేలా తిప్పాడు, కుడిచేతి నీడ కాగితం మీద పడకుండా. హాల్లోని చెక్క కుర్చీ తెచ్చి, నడుము వెనక దుప్పటి మడతపెట్టి దోపాడు. పైసా ఖర్చు లేదు! గడియ ఒక్కటే కిందివైపు పొడుచుకొచ్చి మోకాలిని పలకరిస్తోంది. పోనీలే అనుకున్నాడు.

భార్య వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "బల్లకోసం తలుపు తీశారు, బాగుంది. మరి తలుపుకోసం ఏం తీస్తారు? గోడా?"

"పాత దుప్పటి కడదాం. తెరలా ఉంటుంది."

"తెరా? తెరిచి పెట్టినట్టే అది!"

ఆవిడ మాటే నిజమైంది. మర్నాడు డాక్టరుగారి గది గీద్దామని కూర్చున్నాడో లేదో దుప్పటి కదిలింది. అత్తగారు.

"అల్లుడుగారూ, ఒక్క నిమిషం. ఈ సీసా మూత రావట్లేదు."

మూత తీసిచ్చాడు. గోడలు గీశాడు. కిటికీ గీశాడు. దుప్పటి మళ్ళీ కదిలింది. ఈసారి కూతురు.

"నాన్నా, ఒక్క నిమిషం. పిల్లి గీసి పెట్టవా?"

"పనిలో ఉన్నానమ్మా."

"నువ్వు చేసే పని గీయడమేగా!"

పిల్లిని గీశాడు. మీసాలు పొడుగు చాలలేదని మళ్ళీ గీయించింది. అది వెళ్ళేలోపు భార్య వచ్చింది, గొడుగు ఆ గదిలోనే ఎక్కడో ఉందిట. ట్రంకుపెట్టెలో ఉందేమోనని, బల్ల కింద దూరి పెట్టె మూత పైకెత్తబోయింది. ఆసుపత్రి మొత్తం ఊగింది. అందరూ అడిగింది ఒక్క నిమిషమే. అవన్నీ కూడితే రోజైంది. గడియ లేని గదిలో గడియసేపు నెమ్మది లేదాయనకి. అడుగుదామంటే ఎవర్నని? తలుపు పీకింది తనే.

గడువు నాటికి ప్లాను పంపాడు. ఫోన్లో ఇంజినీరుగారి మొహం ప్రత్యక్షమైంది. స్కేలు తెరముందు నిటారుగా కూర్చున్నాడు.

"కొలతలు బ్రహ్మాండం. వెలుతురు బాగా ఆలోచించావు. కానీ ఏమయ్యా, డాక్టరుగారు తన గదిలోకి ఎలా వెళ్తారు?"

"నడిచేనండి."

"గోడలోంచా? తలుపేదీ?"

స్కేలు ప్లాను వంక చూశాడు. తలుపు గీయడమంటే ఒక గీత, దానికో పావు సున్నా. ఇన్నేళ్ళలో ఎన్ని వేల పావు సున్నాలు చుట్టాడో! డాక్టరుగారి గది గోడ మాత్రం ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగొచ్చింది. ఆ పావు సున్నా చుట్టాల్సినప్పుడే కదూ, తను పిల్లికి మీసాలు దిద్దుతూ కూర్చుంది!

అబద్ధం చెబుదామనుకున్నాడుగానీ, వెనక దుప్పటి పక్కకి జరిపి అత్తగారు తొంగి చూస్తున్నారు.

"దానిమీదే గీశానండి," అన్నాడు మెల్లగా.

"దేనిమీద?"

ఫోను తిప్పి బల్ల చూపించాడు, బందుల గుర్తులతో సహా. తరవాత ఖాళీ గుమ్మం చూపించాడు. అత్తగారు గభాల్న పైట సర్దుకుని నమస్కారం పెట్టారు.

అవతల్నించి దగ్గులాంటి నవ్వొకటి వినబడింది. "రెండు తలుపులూ బిగించు. ప్లానులోదీ, ఇంట్లోదీ. రేపు పొద్దున్న చూస్తాను. అప్పటికీ కుదరకపోతే బ్రాంచే."

ఫోను పెట్టేశాక స్కేలు నుదుటిమీద చెయ్యి వేసుకున్నాడు. తలుపు గుమ్మానికి వెళితే బల్ల పోతుంది. బల్ల ఉంటే తలుపు పోతుంది. మధ్యలో తను పోతాడు, బ్రాంచికి.

"నా కుట్టుమిషను ఉందిగా," అన్నారు అత్తగారు గుమ్మంలోంచే.

స్కేలు తలెత్తాడు. ఆవిడ మంచం పక్కన, పూలగుడ్డ కప్పుకుని, దాని మీద ఫోటోలు మోస్తూ ఉంటుందది. కళ్ళు మసకేసినప్పటినుంచి ఆవిడ కుట్టట్లేదు. ఆ గుడ్డ ఎత్తే ధైర్యం మాత్రం ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

"అది మీ ప్రాణం కదండీ అత్తయ్యా."

"ప్రాణం పైనున్న మిషనులో ఉంది బాబూ, కింద కాళ్ళలో లేదు. తల నేనుంచుకుంటాను, కాళ్ళు మీరు తీసుకోండి. నోరు తెరిచి అడిగితే ఇచ్చేదాన్ని కదా, తలుపు తెరిచినంత సులువుగా! తలుపే ఊడబెరకాలా?"

భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

రాత్రి భోజనాలయ్యేలోపు తలుపు తన బందులకి తను చేరింది. మిషను కాళ్ళ మీద కూతురి క్యారంబోర్డు ఎక్కింది. అంచు ఉంది కాబట్టి పెన్సిలు దొర్లిపోదు. మూల పాకెట్లోంచి వైర్లు కిందికి దిగాయి. ఎదుటి పాకెట్టు వలలో రబ్బరు పడింది. ఆదివారాలు బోర్డు తనదేనని కూతురు ఒప్పందం రాయించుకుంది. గొడుగూ పెట్టెలూ హాల్లోకి వెళ్ళాయి.

పొద్దున్నే తలుపు వేసుకుని కూర్చున్నాడు. గోడ తెంపాడు. ఒక గీత, ఒక పావు సున్నా. డాక్టరుగారికి దారి దొరికింది. పంపిన కాసేపటికి ఫోను మోగింది.

"బాగుందయ్యా స్కేలూ. బ్రాంచికి ఇంకెవర్నైనా చూస్తాలే. నువ్వక్కడే గీసుకో."

స్కేలు ఫోను పెట్టేసి తరవాతి ప్లాను తీశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. కాలు దానంతటదే కింది ఇనప పెడలు మీద పడి, పైకీ కిందికీ ఆడటం మొదలుపెట్టింది. కింద చక్రం గిరగిరా తిరుగుతోంది. గీత సాఫీగా సాగుతోంది. హుషారు పుట్టి ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

తలుపు మీద ఎవరో వేలితో రెండుసార్లు తట్టారు.

"మెల్లగా అల్లుడుగారూ," అన్నారు అత్తగారు బయటినుంచే, "దారం తెగుతుంది!"