దొరసాని పట్టిన రోకలి

మనోరమ ఒళ్లు పెరుగుతుంటే కేసముద్రం దాపునున్న ఆ దొరల గడీలో అందరికన్నా మురిసిపోయింది ఆమె అత్తే. పెళ్లయిన తొమ్మిదేళ్లలో కోడలికి ముట్టు ఆగినప్పుడల్లా ఆవిడకు తోచేది ఒక్కటే: కడుపు పండింది! వెంటనే మంచమెక్కించేది, గిన్నెలకు గిన్నెలు నెయ్యి తాగించేది, కాలు కింద పెట్టనిచ్చేది కాదు. నాలుగు నెలలకు కడుపూ లేదు కాకరకాయా లేదని తేలేది. ఒళ్లు మాత్రం మిగిలేది. ఇట్లా మూడుసార్లు జరిగింది. ఇప్పుడు ఏడాదిగా ముట్టే లేదు, గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా గొడ్రాలన్న పేరు మనోరమకే వచ్చింది.

అంతలో దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల సంఘం ఊళ్లోకి వచ్చి, కూలి లేకుండా చేయించుకునే వెట్టి బంద్ చేయించింది. నీళ్లు మోసేవాళ్లు, వడ్లు దంచేవాళ్లు గడీకి రావడం మానేశారు. ఆమె భర్త వెంకట్రాం దొర ప్రాణభయంతో ఓరుగల్లు చేరి, వచ్చే దసరాలోపు భార్యకు ముట్టు సరికాకపోతే రెండో పెళ్లి ఖాయమని తల్లికి కబురంపాడు. అది విని మనోరమ మంత్రసాని ఎల్లక్కను పిలిపించింది.

"ఏందే ఎల్లీ, గింత ఆలస్యమా?" అత్త గద్దించింది.

"ఎల్లక్కా అంటె పలుకుత. వెట్టికి రాలె, ఆడిమనిషి పిలిసిందని వచ్చిన."

ఎల్లక్క మనోరమ పొట్ట తడిమి చూసింది. "మేతకు తోలకుండ కట్టేసి కుడితి పోస్తె, కొవ్వెక్కిన బర్రె ఎదకు రాదు దొరసానీ. నీదీ గదే కథ. ఒంట్ల కొవ్వు పెరిగి ముట్టు గతి తప్పింది. నెయ్యి బంద్ పెట్టు. రోకలి పట్టు."

మనోరమకు ఒళ్లు మండిపోయింది. తనను బర్రెతో పోల్చింది! కానీ తొమ్మిదేళ్లలో తనతో నిజం చెప్పిన మనిషి ఈమె ఒక్కతే. కోపం చల్లారేసరికి నవ్వొచ్చింది.

మర్నాడే రోకలి పట్టింది.

"ఎవలన్న చూస్తె గడీ పరువేం గావాలె?" అత్త నెత్తి కొట్టుకుంది.

"దంచకపోతె పరువు వండుకొని తింటమా అత్తమ్మా?"

అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. ఏడ్చింది, ఎల్లక్కను తిట్టుకుంది, మళ్లీ దంచింది. బావి నుంచి బిందెలు మోసింది. నాలుగు నెలలకు రవికలు వదులయ్యాయి. ఆరో నెలలో ఒక పొద్దున, నీళ్లు చేదుతుండగా ముట్టయింది. మనోరమ గట్టుమీదే కూలబడి సంతోషం పట్టలేక భోరుమంది. తర్వాతి నెలా తప్పకుండా వచ్చింది.

అత్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కిరాయి బండి మాట్లాడి వాకిట్లో నిలబెట్టింది. "ఓరుగల్లు పోదాం పా. పెండ్లి నేను ఆపిస్త. ఇగ నువ్వు మంచం దిగకు, నెయ్యి నా చేతులతోని తాపుత."

బిడ్డ కావాలన్న ఆశ మనోరమకు చావలేదు. సవతి వస్తుందన్న భయమూ ఉంది. అయినా మంచం మాట వినేసరికి పళ్లు కొరికింది.

"నేను రాను. కావాల్నంటె మీ కొడుకునే గిక్కడికి రమ్మనుండ్రి. పెండ్లి చేసుకుంటె చేసుకొమ్మనుండ్రి."

"మరి వంశం నిలబడొద్దానే?"

"గీ ముట్టు నాకొచ్చింది అత్తమ్మా, మీ వంశానికి గాదు," అని మనోరమ బండిని వెనక్కి పంపేసింది.