గగన్‌వీర్ ఎక్కడ ఎగిరాడు?

ముందే చెప్పేస్తున్నాను, గగన్‌వీర్ పరమ చెత్త సీరియల్. ఆ ముక్క అప్పుడే చెప్పి ఊరుకుంటే నాకీ తిప్పలే ఉండేవి కావు. కానీ చెప్పడానికి ముందు నాకు అర్థం కావాలిగా!

హిందీ టీచరువి, నీకు అర్థం కాకపోవడమేమిటి అంటారేమో. అవును, హిందీ టీచర్నే. పేరు సంపూర్ణ. తల్లాడలో పుట్టి, అక్కడే హిందీ పరీక్షలన్నీ వరసగా పాసై, భద్రాచలం దారిలో అడవి అంచునున్న ఒక ఊరి బడిలో టెంపరరీ పోస్టులో చేరాను. వ్యాకరణం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దోహాలు వంద వచ్చు. నా చేతిరాత చూసి హెడ్‌మాస్టరే మెచ్చుకున్నాడు. లేనిదల్లా ఒక్కటే. హిందీ మాట్లాడే మనిషి నోటి వెంట నేను హిందీ వినలేదు. నాకు చెప్పిన మాస్టారు తెలుగాయన, ఆయనకు చెప్పినాయనా తెలుగాయనే. పుస్తకంలో హిందీ నాకు మేనత్త కూతురంత దగ్గర. నోట్లోంచి గబగబా పరుగెత్తే హిందీతో మాత్రం బొత్తిగా ముఖపరిచయం లేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం ఉంటుందా?

ఆ ఊళ్ళో ఒక వీధి తెలుగు వాళ్ళది. వాగు దాటితే లంబాడీ తండా. బడి పిల్లల్లో ముప్పాతిక మంది తండా వాళ్ళే. తండా పెద్ద లాలు, బడి కమిటీకి అధ్యక్షుడు కూడా. ఏటా ఏప్రిల్‌లో కమిటీ ‘టీచర్ బాగా చెప్తున్నది’ అని రాసిన కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి. అది భద్రాచలం ఆఫీసుకు వెళ్తేనే నా పోస్టు మరో ఏడాది సాగుతుంది. అంటే నా వచ్చే ఏడాది అన్నం లాలు పెన్నులో ఉందన్నమాట.

తొంభై రెండు జనవరిలో పంచాయితీ ఆఫీసుకు కలర్ టీవీ వచ్చింది. దాని వెనకాలే గగన్‌వీర్ ప్రకటన. నీలం బట్టలు, భుజాల మీద ఎర్ర గుడ్డ, మేడ మీద చేతులు చాపి నిలబడ్డ మనిషి. ఆదివారం పది గంటలకు! ఇంకేముంది, ఊరు ఊరంతా అదే మాట. పిల్లలు మెడకు తువ్వాళ్ళు కట్టుకుని గడ్డివాముల మీంచి దూకడం మొదలుపెట్టారు. టీ హోటల్ గంగక్క ఆదివారం పొయ్యి వెలిగించేది లేదని ముందే చాటింపేసింది.

మొదటి ఆదివారం వందమంది కూర్చున్నారు. లాలు ఒక కుర్చీ తెచ్చి టీవీ పక్కన వేశాడు.

“టీచరమ్మా, నువ్వు గీడ కూసో. ఆడేమంటుండో మాకు తెలుగుల చెప్పు” అన్నాడు.

నాకెక్కడ అర్థమవుతుంది? అయినా కూర్చున్నాను. కూర్చోకపోతే ఏమంటారు మరి?

కథేమిటంటే, ఒక ఆఫీసు గుమాస్తా. మాట్లాడతాడు, మాట్లాడతాడు, ఇంకా మాట్లాడతాడు. ఇరవై నిమిషాలు అదే. తర్వాత ఒక నీలం రాయి దొరుకుతుంది. నీలం బట్టలు వేసుకుని మేడెక్కుతాడు. చేతులు చాపుతాడు. సంగీతం మోగుతుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. సబ్బు ప్రకటన వచ్చింది! అది అయ్యేసరికి గగన్‌వీర్ కింద రోడ్డు మీద దొంగ ముందు నిలబడి బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు.

“ఏంది? ఎగిరిండా? ఎప్పుడెగిరిండు?” అని గంగక్క లేచి నిలబడింది. “సబ్బు నడుమ ఎగిరిండా ఏంది?”

“ఏంటెనా తిరిగి ఉంటది. ఎగిరిన ముక్క పోయింది” అన్నాడు దూలయ్య. వెదురు గడకు ఏంటెనా కట్టింది ఆయనే. పరుగున పోయి గడ పట్టుకుని అడవి వైపు తిప్పాడు, గోదావరి వైపు తిప్పాడు. ఎగిరిన ముక్క ఎటు తిప్పినా రాలేదు. వార్తలు వచ్చాయి.

అప్పుడు వందమందీ నా వైపు తిరిగారు. లాలు మీసం దువ్వుకుంటూ, “టీచరమ్మా, ఆడు గంతసేపు మాట్లాడిండు. నువ్వు రెండు ముక్కలే చెప్పినవ్. మిగిలిందేమాయె?” అన్నాడు.

మిగిలింది నాకు అర్థం కాలేదయ్యా అని ఎలా చెప్పను? ఆ వారమంతా అన్నం సయించలేదు.

రెండో ఆదివారం మళ్ళీ మేడ, మళ్ళీ చేతులు, మళ్ళీ సబ్బు. గంగక్క నోరు తెరిచే లోపల నేనే అందుకున్నాను. “ఎగిరిండు. మామూలు కండ్లకు కనబడకుండ ఎగిరిండు. వాళ్ళమ్మ చచ్చిపోతా ఒట్టు పెట్టించుకున్నది, నువ్వెగిరేది ఎవ్వరూ చూడొద్దు కొడుకా అని.”

“ఆఁ!” అన్నారందరూ. గంగక్క కూర్చుంది.

ఆ తల్లి ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలీదు. గుమాస్తా ఇంట్లో గోడకు ఒక ఆడమనిషి ఫోటో కనబడింది. తల్లే అయి ఉంటుందిలే అనుకున్నాను. ఇల్లుగలావిడే అయి ఉండొచ్చు కూడా.

అంతే, ఇంక ఆగలేదు. గగన్‌వీర్ కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంటే, దుమ్ముగూడెం దగ్గర గోదావరి వరదలో చిక్కుకున్న పడవను మనసుతో ఒడ్డుకు లాగుతున్నాడన్నాను. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటే, దొంగ నిజానికి అతని తమ్ముడే అన్నాను. తల్లి చావు మరోసారి వివరంగా చెప్తే గంగక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. టీ హోటల్లో వారమంతా అవే వాదనలు. తమ్ముణ్ణి క్షమించాలా వద్దా అని దూలయ్య వారం రోజులు బావమరిదితో మాట్లాడలేదు. నేను మాత్రం తల్లాడ వెళ్ళి చర్చిలో పూజకు కూర్చోవడం మానేశాను. వెళ్తే పాపసంకీర్తనంలో, అదే, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఏం చెప్పను? ఫాదర్, గగన్‌వీర్‌కు లేని తల్లిని పుట్టించి, రెండుసార్లు చంపాను అని చెప్పనా?

ఇంత మందిలో ఒక్క మనిషే నన్ను చికాకు పెట్టేది. హేమ్లి. మోచేతుల దాకా గాజులు వేసుకున్న తండా ముసలమ్మ. కిటికీ కింద కూర్చునేది. అందరూ ఆఁ అంటే తాను అనేది కాదు. టీవీ వంక ఒకసారి చూసేది, నా వంక ఒకసారి చూసేది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నవ్వుతుందని నాకు తెలుసు. ఒళ్ళు మండేది. ఈవిడకేం అర్థమైందని నవ్వు?

ఆవిడ మనవరాలు రూప్లి ఏడో తరగతి, నా దగ్గరే. తెలివైన పిల్ల, కానీ నోరు ఆగదు. నా తరగతిలో ఒక నియమం పెట్టాను. మాట్లాడితే హిందీ మాట్లాడాలి, రాకపోతే తెలుగు. తండా మాట వినబడిందో, పీరియడ్ అయ్యేదాకా గోడకు మొహం పెట్టి నిలబడాలి. ఒకరోజు నేను ‘పానీ’ అని పాఠం చదువుతుంటే రూప్లి పక్క పిల్లతో ‘పాణి’ అని ఏదో గుసగుసలాడి కిసుక్కున నవ్వింది. హిందీ గంటలో మీ తండా భాషేమిటని గోడకు నిలబెట్టాను. ఆ నెలలో అది నాలుగోసారో అయిదోసారో.

ఏప్రిల్ వచ్చింది. సీరియల్ వచ్చే వారంతో ఆఖరని, ప్రేక్షకులు అభిప్రాయాలు రాసి పంపమని టీవీలో అడ్రసు చూపించారు. అడ్రసు మాత్రం టకటకా రాసుకున్నాను, అది అక్షరాల్లో ఉంది కాబట్టి.

“రాద్దాం!” అన్నాడు లాలు. “ఊరందరి మాటా రాయి టీచరమ్మా. ఇంకో కాపీ గూడ రాయి. నీ కాగితంతో కలిపి భద్రాచలం ఆఫీసుకు పంపుత. పెద్దసారు ఉత్తరాదాయన, ఇంట్ల పిల్లలతోని ఈ బొమ్మనే చూస్తడంట. మా టీచర్ ఎంత హిందీ చెప్పిందో ఆయనకు గూడ తెల్వాలె గద!”

 శనివారం పొద్దున్న నన్ను బడి వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరే చెప్పడం, నేను హిందీలో రాయడం. “తల్లిని ఎందుకు చంపిన్రని గట్టిగ అడుగు” అన్నది గంగక్క. “దుమ్ముగూడెం పడవను లాగింది కనబడేటట్టు చూపియ్యాలె” అన్నాడు దూలయ్య. తమ్ముడి సంగతి తేల్చమన్నారు కొందరు. ఒక్కో ముక్క నా చేత్తోనే, నా మంచి చేతిరాతతోనే రాశాను. ఏ తల్లి, ఏ పడవ, ఏ తమ్ముడు? పెద్దసారు రెండు లైన్లు చదివితే చాలు, నా బండారం బయటపడుతుంది.

మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటే గది ముందు గాజుల చప్పుడైంది. హేమ్లి. వెనకాల రూప్లి.

“నా మాట రాయలే టీచరమ్మా. నాది గూడ రాయాలె” అంది గడప మీద కూర్చుంటూ.

“చెప్పవ్వా” అన్నాను కాగితం తీసి, విసుగ్గానే.

“రాయి. ఈ పిలగాడు పన్నెండు వారాలల్ల ఒక్కపాలి గూడ ఎగరలే. ఎగరకుండ మనుషులకు మంచి చేసుడు ఎట్లనో చెప్తా అని మొదటి దినమే అన్నడు. అదే మాట వారం వారం అన్నడు. చెప్పుడే గని చేసుడు లేదు. తల్లి లేదు, తమ్ముడు లేడు. పడవ అసలే లేదు. ఆడు ఎగిరింది నీ నోట్లనే టీచరమ్మా.”

 సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నీకు... హిందీ వస్తదా అవ్వా?”

“హిందీ ఏంది? నాకు నా మాటే వచ్చు. అందుల సగం మా మాటే ఉన్నది. మిగిలిన సగం మొఖం చూస్తే తెలుస్తది.”

“తండాలో అందరికీ...?”

“అందరికి తెలుసు. లాలుకు గూడ తెలుసు, తెలుగు వీధోళ్ళ కోసమే నిన్ను కూసోబెట్టిండు.”

“మరి ఎందుకు చెప్పలేదు? వారం వారం ఎందుకొచ్చి కూర్చున్నరు?” కోపమో ఏడుపో నాకే తెలియకుండా అరిచాను.

“ఆ బొమ్మల ఏమైతదో మాకు ఎరుకేనాయె. నువ్వేం చెప్తవో ఎరుక లేదు. అందుకని వచ్చినం” అని ఈసారి చెంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. “ఇంకోటి గూడ రాయి. ఏ మాటతోని మాకు ఆ బొమ్మ తెలిసిందో, ఆ మాట నోట్లకెళ్ళి వచ్చిందని నా మనవరాలిని గోడకు నిలవెడ్తున్నది టీచర్. గట్ల చెయ్యొద్దని రాయి.”

“ఇది టీవీ వాళ్ళకెందుకవ్వా?”

“టీవోళ్ళకు కాదు. ఆఫీసు సారు చదువుతడు గద.”

రూప్లి తలుపు పక్కన నిలబడి కాలి వేలితో నేల గీస్తోంది. నా వైపు చూడటం లేదు. అన్నేళ్ళు పుస్తకాల్లో నేను వెతుక్కున్న హిందీ ఎదురుగా రెండు జడలేసుకుని నిలబడితే, రోజూ దాని మొహం గోడకు తిప్పి నిలబెట్టాను. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. దాచుకోవడమెందుకు?

పొద్దున్న రాసిన కాగితాలు చించేసి కొత్తగా మొదలుపెట్టాను. హేమ్లి చెప్పినవన్నీ రాశాను. గోడ సంగతికి వచ్చేసరికి నాకు హిందీ మాట దొరకలేదు. రూప్లిని అడిగాను. “మీ మాటలోనే చెప్పు” అన్నాను. అది నమ్మలేనట్టు చూసింది. మెల్లిగా చెప్పింది. నాలుగు మాటల్లో మూడు హిందీకి దగ్గరగానే ఉన్నాయి, రాయగలిగాను.

ఆదివారం సీరియల్‌కు ముందు అందరి ఎదుటా లేచి నిలబడి ఉత్తరం తెలుగులో చదివాను. గోడ సంగతి కూడా వదలకుండా చదివాను.  గంగక్క లేచింది.

“అయితే తల్లి లేదా?”

“లేదు గంగక్కా.”

“మరి నేను గన్ని దినాలు ఎవ్వలకోసం ఏడ్చిన్నే!”

పంచాయితీ ఆఫీసు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. దూలయ్య నవ్వలేదు. పడవ కూడా లేదా అని రెండుసార్లు అడిగి, బావమరిది వైపు తిరిగి కూర్చున్నాడు. లాలు ఉత్తరం, నా కాగితం రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“లాలన్నా, నా కాగితం మీద సంతకం...” అన్నాను.

“ముందు బొమ్మ చూడనీ” అన్నాడు.

కుర్చీ హేమ్లికి ఇచ్చాను. నేను వెళ్ళి రూప్లి పక్కన నేల మీద కూర్చున్నాను. హేమ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జనం ఆవలించారు. “టీచర్ చెప్పిందే నయముండె” అని వెనక నుంచి ఎవరో గొణిగారు. గగన్‌వీర్ ఆఖరిసారి మేడెక్కాడు. చేతులు చాపాడు. సబ్బు ప్రకటన వచ్చింది. ఆ సబ్బు నడుమ లాలు జేబులోంచి పెన్ను తీసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, నా వైపు చూడకుండా సంతకం పెట్టాడు. రెండు కాగితాలూ కలిపే మడిచాడు. అంటే గోడ సంగతి కూడా పెద్దసారు దగ్గరికి పోతుంది. పోనీ. రాసింది నేనేగా.

ప్రకటన అయింది. గగన్‌వీర్ కింద నిలబడి ఏదో గబగబా అంటున్నాడు.

“ఏమంటుండే రూప్లీ?” అని అడిగాను.

రూప్లి ఒకసారి వెనక్కి తిరిగి గోడ వంక చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి జరిగి చెప్పడం మొదలుపెట్టింది.