పేరు రాయని పొట్లం

నేను ఒక పప్పుగుత్తిని. గొప్పగా చెప్పుకోదగ్గ పుట్టుక కాదు నాది. తెనాలికి రెండు ఊళ్ల అవతల, మంచం కోళ్లు తీయగా మిగిలిన తుమ్మకర్ర ముక్కని ఒక వడ్రంగి లేతు మీద ఎక్కించి, తిప్పి, తలకి గాట్లు పెట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఫోనులో బావమరిదితో పోట్లాడుతూనే ఉన్నాడు. ఆ కోపానికి నా మెడ కాస్త వంకరపోయింది. తర్వాత నన్నూ నా తోటివాళ్లనీ గోనెసంచిలో వేసి తెనాలిలో పాపయ్యగారి పాత్రల కొట్టుకి పంపేశాడు.

కొట్లో రెండు నెలలు గుమ్మం పక్కన వేలాడాను. ఒకరోజు సుభాషిణి అనే పెళ్లికూతురు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేసేది. అక్కడ ఆమెతోపాటు ఇంకా పదకొండుమంది ఆడవాళ్లు. వాళ్లలో కిందటేడు పెళ్లయిన పిల్లకి కానుకలుగా ఏడు గోడగడియారాలు వచ్చాయట. అన్నీ తలా ఒక టైము చూపిస్తుంటే ఆ ఇంట్లో రోజుకో రగడ. అందుకని ఈసారి అందరూ ముందే చెప్పేశారు: "నీకేం కావాలో నువ్వే లిస్టు రాసి కొట్లో పెట్టు. తలా ఒకటి కొంటాం."

తల్లి తిన్నగా మిక్సీల వైపు నడిచింది.

"ఇది రాయి. అందరూ కలిసి కొంటారు."

"వద్దమ్మా. వాళ్ల జీతాలు నాకు తెలీనియ్యా?"

ఆ మధ్యాహ్నమంతా ఆమె ఒక్కో వస్తువునీ ఎత్తి, అడుగున అంటించిన ధర చూసి, తిరిగి పెట్టేస్తూ గడిపింది. తనకి ఇచ్చే కానుక తక్కువ ఖరీదుదై ఉండాలని అంత శ్రమపడిన మనిషిని ఆ కొట్లో నేను మళ్లీ చూడలేదు. పోపులడబ్బా, చపాతీపీట, కొబ్బరికోరు, టీ వడపోసే జల్లెడ... ఇలా పది వస్తువులు రాసింది. వాటిలో ఇడ్లీపాత్ర ఒక్కటే కాస్త ఖరీదు. చివరికి నన్ను కొక్కెం మీంచి తీసింది.

"ఇది కోటేశ్వరి కొంటదిలే అమ్మా. నలభై రూపాయలేగా."

"మరి దానికి చెప్పావా?"

"చెబితే బాధపడుద్ది. చూస్తే దానికే తెలుసుద్ది."

కోటేశ్వరిది సుభాషిణి పక్క మిషను. ఎనిమిదేళ్లుగా ఇద్దరిదీ ఒకటే క్యారేజీ. ఆమె మొగుడు హమాలీ. మిరపబస్తాలు ఎత్తుతూ లారీ మీంచి పడి ఆరు నెలలుగా మంచంలో ఉన్నాడు.

పాపయ్యగారు లిస్టుని గల్లాపెట్టె పక్కన అంటించారు. ఎవరు ఏది కొంటే అది కొట్టేసి, రంగుకాగితంలో చుట్టి, పేరు రాసి కొట్లోనే ఉంచడం, పెళ్లిరోజున అన్నిటినీ కలిపి ఆటోలో పంపడం ఆయన పూచీ.

మొదట వచ్చింది షెడ్డు సూపర్‌వైజరు విజయకుమారి. అందరికంటే ఆవిడ జీతమే ఎక్కువ. చెడ్డ మనిషి మాత్రం కాదు. లిస్టుని కింద నుంచి చదివింది, అంతే. "ఇదుగో, ఈ పప్పుగుత్తి కట్టించండి. బస్సు టైమైంది," అని డబ్బులు బల్ల మీద పెట్టి పరుగెత్తింది. పేరు రాయించడం ఆవిడ మరిచిపోయింది. అడగడం పాపయ్యగారు మరిచిపోయారు.

కోటేశ్వరి ఆఖరున, పెళ్లికి ముందురోజు వచ్చింది. నేనప్పటికే రంగుకాగితంలో ఉన్నాను. ఆమె గొంతు మాత్రం వినపడింది.

"ఇడ్లీపాత్ర ఒక్కటే మిగిలిందా అండీ? చిన్నవేమీ లేవా?"

"అన్నీ అయిపోయినయ్యమ్మా. పోనీ లిస్టులో లేనిది ఇంకేదన్నా తీసుకో."

"అందరూ రాసినవి ఇచ్చి, నేనొక్కదాన్నే వేరేది ఇస్తే బాగుంటదా?"

కాసేపటికి ఆమె చెప్పుల చప్పుడు గుమ్మం దాటింది. ఆమె కోసం ఎంచిన వస్తువునైన నేను ఆమెకి మూరెడు దూరంలోనే ఉన్నాను. కాగితం మీద కాగితం చుట్టి మరీ నా నోరు కట్టేశారు.

కోటేశ్వరి పెళ్లికి వెళ్లలేదు. మర్నాడు అత్తగారింట్లో సుభాషిణి పొట్లాలు విప్పింది. అన్నిటి మీదా పేర్లున్నాయి, నా మీద తప్ప.

"ఇది కోటేశ్వరిది. మొగుణ్ణి వదిలి రాలేకపోయినా పంపింది చూడు," అని నన్ను చెంపకి ఆనించుకుంది.

"విజయకుమారి మేడం పేరు దేని మీదా లేదే. ఇడ్లీపాత్ర ఆవిడే ఎగ్గొట్టినట్టుంది," అంది తోడుగా వచ్చిన తల్లి.

పది రోజుల తర్వాత సుభాషిణి మళ్లీ పనిలోకి వెళ్లింది. ఆ సాయంత్రం నాతో పప్పు మెదుపుతూ భర్త కరుణాకర్‌తో అంది: "అందరి ముందూ కోటేశ్వరితో చెప్పానండీ. అందరూ ఇచ్చింది ఒకెత్తు, నువ్విచ్చింది ఒకెత్తు, రోజూ నిన్నే తలుచుకుంటున్నా అని. ఎందుకో మొహం మాడ్చుకుని బయటికి పోయింది. మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు."

నాకు తెలిసింది ఎందుకో. ఏమీ ఇవ్వలేకపోయిన మనిషికి పదిమందిలో ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించగలను. చెప్పడానికే నాకు మార్గం లేదు. మనుషులకి నోరిచ్చిన దేవుడు అడగవలసిన మాట ఒక్కటి అడిగే తెలివి కూడా ఇచ్చి ఉంటే బాగుండేది.

కోటేశ్వరి మిషను మార్చుకుంది. నెల తిరిగేసరికి పని మానేసింది. సుభాషిణి ఒకసారి ఇంటికి వెళ్తే గుమ్మంలోనే నిలబడి "పనుంది" అందట. ఆ తర్వాత మొగుడి వైద్యం కోసం కాపురం గుంటూరు మార్చేశారని తెలిసింది. "నేనేం తప్పు చేశానండీ?" అని సుభాషిణి చాలాకాలం భర్తని అడుగుతూ ఉండేది.

అయిదేళ్లు గడిచాయి. సుభాషిణికి కూతురు పుడితే చూడ్డానికి విజయకుమారి వచ్చింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి నన్ను చూసి నవ్వింది.

"వంకరమెడది! నేనిచ్చిందేగా ఇది? ఇంకా వాడుతున్నావా?"

సుభాషిణి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "మీరా?" అంది. ఆవిడ వెళ్లిపోయాక పాపయ్యగారి కొట్టుకి ఫోను చేసింది. ఇడ్లీపాత్ర ఒక్కటే మిగిలిందని విని వెనక్కి వెళ్లిన మనిషి ఆయనకి ఇంకా గుర్తుంది. సుభాషిణి ఫోను పెట్టేసి, పొయ్యి ముందు నేల మీద కూలబడి, పిల్ల ఏడుస్తున్నా లేవలేదు.

ఆ ఆదివారం పిల్లని తల్లికి అప్పజెప్పి, నన్ను సంచిలో వేసుకుని గుంటూరు బస్సెక్కింది. నలుగురిని అడిగి, ఒక లేడీస్ హాస్టల్ మెస్సులో కోటేశ్వరిని పట్టుకుంది. కోటేశ్వరి బియ్యం చేటతో చెరుగుతోంది. మొగుడు పోయి మూడేళ్లయింది. ఆ సంగతి సుభాషిణికి అప్పటిదాకా తెలియదు.

పాపని చూడ్డానికి విజయకుమారి వచ్చిన సంగతితో సహా జరిగినదంతా సుభాషిణి ఏడుస్తూ చెప్పింది. కోటేశ్వరి చేట ఆపకుండా విన్నది.

"అట్టనా," అంది చివరికి. "పదిమందిలో నన్ను ఎగతాళి చేశారనుకున్నానండీ."

"అండీ ఏందే? నన్ను అండీ అంటావా?"

"అలవాటు తప్పిపోయిందండీ."

సుభాషిణి నన్ను తీసి చాచింది. "ఇది నీకోసం రాసిందే. నువ్వు ఉంచుకో."

"ఇక్కడ పప్పు మిషన్లో వేస్తారండీ. దీంతో పని పడదు." ఆ తర్వాత, "పాపకి పాల టైము కాలేదూ? బయల్దేరండి," అంది.

సుభాషిణి నన్ను కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు నేను ఆ మెస్సులోనే ఉన్నాను. మొదట్లో గట్టు మీద దుమ్ములో పడి ఉన్నాను. ఒక మధ్యాహ్నం కోటేశ్వరి నన్ను కడిగి, ఎండలో పెట్టి, మెస్సు వెనక గదిలో తన చీరలు పెట్టుకునే అలమరలో ఒక మూలన నిలబెట్టింది. నన్ను ఇంతవరకూ వాడలేదు. మెస్సులో ఆడవాళ్లెవరైనా చూసి "పప్పుగుత్తి ఇక్కడుందే, తీసుకోనా?" అంటే మాత్రం, తల ఎత్తకుండానే, "అది ఒకళ్లదమ్మా, ఉండనీ" అంటుంది.