పాంప్లెట్‌లో పూసిన తులిప్

నేను ఒక కాగితపు తులిప్‌ని. పేరు ఘనంగా ఉంది గానీ, నాలో ఉన్నదల్లా నాలుగు మడతలు, ఒక చీపురు పుల్ల. నన్ను చూసి కొందరు ఉల్లిపాయ అనుకున్నారు, ఒకాయన రాకెట్ అన్నాడు. నేను పట్టించుకోను. అసలు తులిప్‌ని కాకినాడలో ఎంతమంది చూశారని?

పుట్టింది ప్రెస్‌లో. ఏదో కోచింగ్ సెంటర్ వాళ్ళు నాకు ఒక వైపు చిక్కటి గులాబీ రంగు కొట్టించి, రెండో వైపు ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు వేయించారు. ఇరవై నాలుగు మొహాలు. ఇరవై మూడు మొహాలు ఫొటో తీసేవాడు బెదిరించినట్టు బిగుసుకుని ఉంటాయి. మధ్యలో కళ్ళజోడు కుర్రాడు ఒక్కడే నవ్వుతుంటాడు. మా బ్యాచ్‌లో ఐదు వేల మందిమి. తెల్లారేసరికి న్యూస్‌పేపర్లలో దూరి ఇళ్ళలో పడ్డాం. పాంప్లెట్ బతుకు ఎంతసేపు? పేపర్ దులిపితే కింద పడతాం, ఆ తర్వాత దోసెల పిండి గిన్నె కింద పరుస్తారు. నాకూ అదే రాసిపెట్టి ఉందనుకున్నా. మధ్యలో ఇందుజ వచ్చింది.

ఇందుజకి ఏడేళ్ళు, సెకండ్ క్లాస్. ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి, ఆ సందులోంచి ఈల వేయడం ఆ మధ్యే నేర్చుకుంది. ఆ వారం వాళ్ళ కరుణ టీచర్, ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒక కాగితం పువ్వు మడిచి తేవాలని చెప్పింది. వాటిని క్లాసు గోడ మీద తోటలా అంటించి, కింద ఎవరి పేరు వాళ్ళకి రాస్తుందట. ఇందుజ పేరుతో ఇప్పటిదాకా ఆ స్కూల్లో గోడలెక్కినవన్నీ వాళ్ళమ్మ చేసినవే. ఎల్‌కేజీలో థర్మోకోల్ ఇగ్లూ, యూకేజీలో బ్యాటరీతో తిరిగే గ్రహాలు, ఫస్ట్ క్లాస్‌లో పప్పులతో నెమలి. నెమలికి కప్పు కూడా వచ్చింది. స్టేజ్ మీద కప్పిస్తూ ఎవరో పెద్దాయన "కన్ను ఏ పప్పుతో పెట్టావమ్మా?" అని అడిగితే ఇందుజకి తెలీలేదట. అప్పట్నించీ పిల్లకి ఒకటే పట్టుదల, ఈసారి గోడ మీద తను చేసిందే ఉండాలని.

వాళ్ళమ్మ మాధురి బీటెక్, ఈసీఈ. ఆ ఇంట్లో సెకండ్ క్లాస్ చదివేది ఇద్దరు, ఇందుజా, ఆవిడా. "మాకు రేపు హిందీ టెస్టండి" అంటుంది ఫోన్‌లో. "మాకింకా ఎక్కాలు ఏడు దగ్గరే ఆగాయి" అని దిగులు పడుతుంది. మమ్మీల వాట్సాప్ గ్రూప్‌లో ఆ సాయంత్రం పూలే పూలు. "మా గులాబీ అయిపోయింది, మీది ఎంతవరకొచ్చింది?" అని ఒకరు. "మేం తామర చేస్తున్నాం, రేకులకే మూడు గంటలు పట్టింది" అని ఇంకొకరు. మాధురి మంచి ఐవరీ షీట్లు తెచ్చి, ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, వీడియో పెట్టుకుని లిల్లీలు మొదలెట్టింది.

"అమ్మా, టీచర్ నన్ను చెయ్యమంది."

"నువ్వే చేస్తున్నావ్ కదా. నేను హెల్ప్ చేస్తున్నా, అంతే."

"నేనింకా కాగితం కూడా ముట్టుకోలేదు."

"ముట్టుకుంటే నలుగుతుంది బంగారం. నువ్వెళ్ళి స్నానం చేసి రా, ఈలోపు అయిపోతుంది."

ఇందుజ వెళ్ళింది. స్నానానికి కాదు, బాల్కనీలోకి. పాత పేపర్ల కట్టలోంచి నన్ను లాగి, వాషింగ్ మెషిన్ పక్కన కూలబడింది. స్కూల్ బస్సులో థర్డ్ క్లాస్ అమ్మాయి ఒకతె నేర్పిన పద్ధతి. పొడుగ్గా ఉన్న కాగితాన్ని నలుచదరం చెయ్యాలి. మూల మీద మూల పెట్టి త్రికోణం మడవాలి. రెండు పక్కల చెవులూ పైకి లేపాలి. అంచులు వెనక్కి తోసి, కింద పుల్ల గుచ్చాలి. చెప్పడానికి అర నిమిషం. ఇందుజ నాలుక బయటపెట్టి నలభై నిమిషాలు చేసింది. కత్తెర అడిగితే అమ్మకి తెలిసిపోతుందని, ఎక్కువైన ముక్కని ఉమ్మి తడి చేసి చింపింది. నా పరువు గురించి అడక్కండి. పైగా గులాబీ వైపు పైకి పెట్టి మడవడం మొదలెట్టిందేమో, రంగంతా లోపలికి పోయి ర్యాంకులన్నీ బయటికొచ్చాయి. సరిగ్గా ముందు రేకు మీద కళ్ళజోడు కుర్రాడు.

మర్నాడు లిల్లీలు స్వీటు డబ్బాలో దూదిమీద పడుకుని స్కూలుకెళ్ళాయి. నేను తెలుగు వాచకంలో, చదునుగా.

కరుణ టీచర్ అందరి బల్లల దగ్గరా తిరిగింది. తామరలు, గులాబీలు, సీతాకోకచిలుక వాలిన మందారాలు చూసి మెచ్చుకుంది. తర్వాత కుర్చీలో తీరిగ్గా కూర్చుని, "ఇప్పుడు మీ పువ్వు విప్పేసి, నా ముందు మళ్ళీ మడవండి. మళ్ళీ మడిచిందే గోడెక్కుతుంది" అంది.

ఒక పిల్లాడు లేచి, "టీచర్, ఒకసారి మా మమ్మీకి ఫోన్ చెయ్యొచ్చా?" అని అడిగాడు. ఇంకో అమ్మాయి నిజాయితీగా, "మాది కొన్నది టీచర్, విప్పితే రాదు" అంది.

ఇందుజ స్వీటు డబ్బా మూత మూసి, వాచకంలోంచి నన్ను తీసింది. విప్పేసింది.

ఒక్కసారిగా నేను మళ్ళీ పాంప్లెట్‌ని. అడ్మిషన్లు జరుగుచున్నవి అని క్లాసుకంతా చూపిస్తూ బల్ల మీద పడున్నా. ఇందుజ త్రికోణం చేసింది, ఆగింది. చెవులు లేపాల్సింది పోయి కిందికి మడిచింది. వెనక బెంచీలోంచి "సమోసా" అని వినిపించింది. ఇందుజ స్వీటు డబ్బా వైపు ఒకసారి చూసింది. ఆ పిల్ల మళ్ళీ ఆ మూత తీస్తే నా కథ అక్కడితో సరి.

మాకొక జబ్బుంది. కంప్యూటర్లో అయితే చేసింది చెరిపేయొచ్చు, కాగితానికి ఆ సౌకర్యం లేదు. ఒకసారి మడత పడితే చచ్చినా పోదు. ఇందుజ వేలు ఊరికే నా మీద పాకుతూ పోయి, నిన్నటి గీత దగ్గర ఆగింది. దాన్నే పట్టుకుని పైకెళ్ళింది. ఒక చెవి లేచింది. రెండోదీ లేచింది. కొంచెం పక్కకి ఒరిగాను గానీ, నిలబడ్డాను.

"గులాబీ రంగు బయటికి రావాలేమో కదమ్మా?" అంది టీచర్.

"వద్దు టీచర్. అప్పుడు ఈ అన్నయ్య లోపలికి పోతాడు. వీళ్ళందర్లో ఇతనొక్కడే నవ్వుతున్నాడు."

నన్ను గోడకి అంటించి, కింద "ఇందుజ, 2-బి" అని రాశారు. మధ్యాహ్నానికి ఇందుజ చుట్టూ గుంపు. రఫ్ నోట్సులన్నీ చిరిగాయి, గోడంతా ఒరిగిపోయిన తులిప్‌లతో నిండింది.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి మమ్మీలు ఫోన్లు రెడీగా పట్టుకుని వచ్చి, ఉల్లి తోట చూసి నిలబడిపోయారు. మాధురి పేర్లు వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చింది. ఒరిగిన నా రేకుని సరిచెయ్యడానికి చెయ్యి దానంతటదే లేచింది, పాపం.

"ముట్టుకోకమ్మా, నలుగుతుంది" అంది ఇందుజ.

ఆవిడ చెయ్యి దించేసి హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుంది. "ఎప్పుడు చేశావ్?" అని మాత్రం అడిగింది.

"నువ్వు స్నానానికి పంపినప్పుడు."

ఏప్రిల్లో సున్నాలేస్తారని ఎవరి పువ్వు వాళ్ళకిచ్చి పంపేశారు. ఇప్పుడు నేను ఇంట్లో షోకేసులో ఉంటున్నా, స్వీటు డబ్బాలోంచి బయటపడ్డ లిల్లీల పక్కన. మొన్న పక్క ఫ్లాట్ సుగుణ గారు కరివేపాకు కోసం వచ్చి, అద్దం దగ్గర ఆగిపోయారు.

"లిల్లీలు ఎంత బాగా చేసిందండీ మీ అమ్మాయి."

మాధురి అలవాటు కొద్దీ తలూపబోయింది. ఈలోపు సోఫాలోంచి ఇందుజ, "అవి నావి కావు ఆంటీ. నాది ఈ తులిప్. అవి మా అమ్మ చేసింది" అంది.

సుగుణ గారు ఒక లిల్లీని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "మీరు చేశారా? చేత్తోనే? ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?"

ఇగ్లూ, గ్రహాలు, నెమలి. ఇన్నేళ్ళలో మాధురిని ఈ మాట అడిగినవాళ్ళు లేరు. పిల్ల పేరు రాసి ఉంటే ఎలా అడుగుతారు? ఆవిడ చెవుల దాకా ఎర్రబడిపోయింది. "ఏదోనండీ, కొంచెం వచ్చు" అంది. అని, వెళ్ళి ఐవరీ షీటు తెచ్చి, రేకు చివర పెన్సిల్‌కి చుట్టి ఎలా వంచాలో చూపించడం మొదలెట్టింది. కరివేపాకు మాట ఇద్దరూ మర్చిపోయారు.

సుగుణ గారు వెళ్ళాక లిల్లీల ముందు ఒక చీటీ వెలిసింది. పెన్సిల్‌తో, పెద్దపెద్ద వంకర అక్షరాలు:

"మాధురి, బీటెక్."