ఆదివారం నడక

గేటమ్మ అన్నం డబ్బా మూత తీసి, లోపలి గిన్నె ఎత్తి, అడుగున వేలితో తడిమి మళ్ళీ మూత పెట్టేసింది. తరువాతి సంచి అందుకుంది. దువ్వెన, రుమాలు, మందుబిళ్ళలు. గొడుగు విప్పి దులిపింది. ఫోను తీసి వెనక ఉన్న ట్రేలో పడేసింది. వరస ఒక అడుగు ముందుకు జరిగింది.

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆమె చేతుల మీదుగా వెళ్ళని ఆడమనిషి లేదు. పొద్దున అగ్గిపెట్టెలూ ఫోనులూ లోపలికి పోకూడదు. సాయంత్రం దారపు ఉండలూ లేసు ముక్కలూ బయటికి పోకూడదు. పొడుగ్గా, సన్నగా, మెడ కాస్త ముందుకు వంచి నిలబడే ఆమెను ఎదుట "మేడం" అనేవారు, చాటున "డేగ" అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"అక్కా, ఆదివారం ఖాళీయేనా?" అంది ఇస్త్రీ సెక్షన్ ఆవిడ, సోదాకి చేతులు పైకెత్తి.

గేటమ్మ చేతులు ఆవిడ నడుం దగ్గర ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఈ వరసలో ఒక్కరూ ఆమెను అక్కా అని పిలవలేదు.

"ఎందుకు?"

"సముద్రం ఒడ్డున నడకదారి వేశారు కదా, లైట్‌హౌస్ నుంచి రాళ్ళ మలుపు దాకా. చిన్నదే. మేం కొంతమందిమి వెళ్తున్నాం. మీరూ రండి."

"నేనెందుకు?"

"కాస్త గాలి పీల్చుకుందురు గానీ."

"గాలి ఇక్కడా ఉంది" అని సంచి ఆవిడ చేతిలో పెట్టి పంపేసింది గేటమ్మ. కానీ ఆ మాట మాత్రం చెవిలో దూరిన చీమలా ఉండిపోయింది.

భర్త చనిపోయిన ఏడాది చేరిందీ పనిలో. "నీ మొహాన నవ్వు లేదు, గేటుకి సరిగ్గా సరిపోతావ్" అన్నాడు అప్పటి మేనేజరు. ఆ మాటను ఆమె మెప్పుగానే తీసుకుంది. ఆ తరువాత పని ఇంటిదాకా వచ్చేసింది. అల్లుడు పళ్ళు తెస్తే సంచి అడుగున ఏముందో చూడందే లోపల పెట్టేది కాదు. "అమ్మా, ఇప్పుడు నువ్వు డ్యూటీలో లేవు" అని కూతురు తలకొట్టుకునేది. ఎవరైనా ఊరికే నవ్వారంటే ఆమెకు ముందు భయం వేసేది, తరువాత కోపం వచ్చేది.

టీ వేళకు లారీల గేటు దగ్గరికి వెళ్ళి, ఏదో మాటవరసకన్నట్టు ముసలి వాచ్‌మన్‌ను అడిగింది.

"ఆ నడకదారి చూశావా బాబాయ్?"

"మీ పిన్నిని తీసుకెళ్ళాగా. చెక్కలు పరిచారు. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు. మధ్యలో కూర్చోవడానికి బల్లలున్నాయి. చివర నాలుగు మెట్లు, అక్కడే కాస్త జాగ్రత్త."

"కమ్మీలు?"

"ఉన్నాయి, నడుం దాకా."

"నడుం దాకానేనా?"

"మరి మెడ దాకా పెడతారా? సముద్రం చూడ్డానికి వెళ్ళి కమ్మీలు చూసొస్తామా?" అని ఆయన పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు అన్నాలు తినే రేకుల షెడ్డు వెనక చేతులు కడుక్కుంటుంటే లోపలి మాటలు వినిపించాయి. గేటమ్మ కుళాయి కట్టేసి చెవులు రిక్కించింది.

"మెట్ల దగ్గర చెరో పక్కా పట్టుకుందాం."

"ఆవిడకి ముందే చెప్పొద్దు. తెలిస్తే చచ్చినా రాదు."

"గాలి ఎక్కువుంటే?"

"పట్టు వదలకపోతే చాలు."

ఆమె చెప్పుల చప్పుడుకి మాటలు తెగిపోయాయి. అందరూ ఒక్కసారిగా డబ్బాలు మూసేసుకున్నారు. గేటమ్మ తన స్టూలు మీదికి వచ్చి కూర్చుని, అన్నం డబ్బా తెరవకుండానే పక్కన పెట్టింది. ఎత్తి సముద్రంలో పడేస్తారా? ఛ, అంత తెగింపు వీళ్ళకెక్కడిది? కాదు. ఇంకేదో ఉంది. ఏకాంతంగా తీసుకెళ్ళి నిలదీస్తారు.

నిలదీయడానికి ఒకే ఒక్క సంగతి ఉంది. ఎప్పుడో ఒక వానాకాలం సాయంత్రం, చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిడ నడుం చుట్టూ మెత్తగా ఏదో చేతికి తగిలింది. బట్ట. ఆవిడ అప్పుడు నిండు గర్భిణి. పుట్టబోయే బిడ్డ కోసమని అడగక్కర్లేకుండానే తెలిసింది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. "వెళ్ళు" అంది గేటమ్మ. ఆ ఉద్యోగంలో ఆమె చూసీ చూడనట్టు వదిలింది ఆ ఒక్కసారే. కాజాలావిడ జబ్బుపడి కొన్ని నెలలుగా పనికి రావడం లేదు. మంచాన పడ్డ మనిషి మనసులో ఏదీ దాచుకోదు. చెప్పేసే ఉంటుంది. ఇక ఆ బట్ట పేరు చెప్పి రోజుకొకరు ఏదో ఒకటి పట్టుకుపోతారు.

అప్పుడే గేటు ఫోను మోగింది. మగగొంతు.

"ఇస్త్రీ సెక్షన్‌లో ఆవిణ్ణి ఒక్కసారి పిలుస్తారా అమ్మా? అర్జెంటు."

"మీరెవరు?"

"తెలిసినవాళ్ళం. ఆదివారం ప్రయాణం గురించి..." అవతల గొంతు ఆగింది. "ఒక్కసారి పిలవండి."

ఓహో, ఇందులో మగాడు కూడా ఉన్నాడన్నమాట అనుకుంది గేటమ్మ.

"పని వేళల్లో పిలవం" అని పెట్టేసింది. మళ్ళీ మోగింది. ఎత్తలేదు.

సాయంత్రం ఇస్త్రీ ఆవిడ వంతు వచ్చేసరికి గేటమ్మ ఆవిడ ఫోను ట్రేలోంచి తీసి చేతిలోనే ఉంచుకుంది.

"నిజం చెప్పు. నన్నెందుకు రమ్మంటున్నారు?"

ఇస్త్రీ ఆవిడ వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "నేను కాదక్కా, కాజాలక్క మీరుండాలంది. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ దారిన ఒక్కసారి నడవాలని ఎన్నాళ్ళనుంచో తన కోరిక. నడవలేదు కదా, హాస్పిటల్ ఆయా దగ్గర చక్రాల కుర్చీ తెచ్చి సైకిల్ షెడ్డులో పెట్టాం. ముందే చెప్తే మీకెందుకు శ్రమ అని మానుకుంటుందని ఇంకా చెప్పలేదు. ఎప్పుడైనా వెళ్తే తోడు ఎవరెవరు రావాలక్కా అని మాటవరసకి అడిగితే ముందు మీ పేరే చెప్పింది."

"నా పేరా? ఎందుకట?"

"మేమూ అడిగాం. నవ్వి ఊరుకుంది."

"ఇంకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

ఇన్నాళ్ళూ ఆ మనిషి ఆ బట్ట సంగతిని కడుపులోనే దాచుకుంది. "బస్సు ఎన్నింటికి?" అని అడుగుతూ గేటమ్మ ఫోను ఆవిడ చేతికిచ్చింది.

ఇస్త్రీ ఆవిడ ఫోను చూసి, "అయ్యో, కాజాలక్క వాళ్ళాయన ఇన్నిసార్లు చేశాడేంటి" అని అక్కడే నిలబడి కలిపింది. విన్నది. మెల్లగా గోడకు ఆనుకుంది.

"పోయిందట. మధ్యాహ్నం నుంచీ నన్నే అడిగిందట. గేటుకి కూడా ఫోన్ చేశాడట..."

గేటమ్మ తనకేమీ తెలియదనవచ్చు. ఆ ఫోను ఎత్తిందెవరో ఆమెకు తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు.

"చేశాడు" అంది గేటమ్మ. "రెండుసార్లు. నేనే పిలవలేదు."

ఇస్త్రీ ఆవిడ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదైనా అని ఉంటే గేటమ్మకు తేలిగ్గా ఉండేది. సంచి తెరిచి అలవాటుగా బల్ల మీద పెట్టిందావిడ. గేటమ్మ దాన్ని మూసి, ఆవిడ భుజానికి తగిలించింది. "వెళ్ళండి" అంది అందరితో, అడ్డుకర్ర పైకెత్తి. ఆడవాళ్ళు సంచులు గుండెలకు అదుముకుని ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆ సాయంత్రం ఎవరి నడుమూ ఎవరూ తడమలేదు.

చివరి మనిషి వెళ్ళిపోయాక తాళాలు వాచ్‌మన్‌కిచ్చి, "బాబాయ్, కాజాలావిడ ఇంటికి నేనూ వెళ్ళొస్తా" అంది.

వాళ్ళు వీధి చివరిదాకా వెళ్ళిపోయారు. ఆమె వేగంగా నడిచింది కానీ కలుసుకునే ధైర్యం చాలక కొంచెం ఎడంగానే ఉండిపోయింది. మలుపు దగ్గర ఇస్త్రీ ఆవిడ ఆగింది. వెనక్కి తిరగలేదు, పిలవలేదు. గేటమ్మ పక్కకి వచ్చేదాకా నిలబడి, తరువాత నడిచింది.

ఫ్యాక్టరీలో దీపాలు ఆర్పేశారు. సైకిల్ షెడ్డు మూలన చక్రాల కుర్చీ ఒక్కటే మిగిలింది, ఎండ తగలకుండా ఎవరో చేతిపిడికి గుడ్డపేలికతో కట్టిన గొడుగుతో.