చివరి తొట్టి నీళ్లు

మేనేజరమ్మ పొద్దున్నే వచ్చి చూసేసరికి, కాలువలోకి తెరుచుకునే వాల్వుకి చక్రం లేదు.

నిన్న సాయంత్రం వరకూ ఉంది. ఎర్ర రంగు వేసిన, పళ్లెమంత ఇనప చక్రం. ఇప్పుడక్కడ గ్రీజు పట్టిన ఇరుసొక్కటే మొండివేలిలా నిలబడి ఉంది. ఇవాళ ఆ వాల్వు తెరవబోతున్నట్టు ఆమె ఒక్కరికీ చెప్పనే లేదు.

అది బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీ. రంగు నీళ్లు ఇసుక తొట్టిలో వడకట్టుకుని, చివరి తొట్టిలో తేరుకున్నాకే కాలువకి వెళ్లాలి. ఆరేళ్లుగా మేనేజరమ్మ రోజూ ఆ చివరి తొట్టి నీళ్లతో మొహం కడుక్కుని, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాకే మిషన్లు తిప్పనిచ్చేది. ‘నా మొహానికి పనికిరాని నీళ్లు ఆయన కాలువకెందుకు?’ అనేది.

రెండు రోజులుగా ఇసుక తొట్టి పూడుకుపోయి ఉంది. ఇవాళ అయిదింటికి సరుకు లారీ కదలకపోతే ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని యజమాని ఫోన్లోనే తేల్చేశాడు. ఇసుక తొట్టిని తప్పించి, రంగు నీళ్లని నేరుగా వదిలేసే దారి ఈ వాల్వొక్కటే. ఒక్కరోజుకి దేవుడు చూసీ చూడనట్టు ఊరుకోడా అనుకుందామె.

ఫిట్టరు వచ్చి ఇరుసు వైపు చూశాడు. “చక్రం పోతే పోయింది మేడం. రెంచి పట్టి రెండు తిప్పులు తిప్పితే అదే తెరుచుకుంటుంది. తిప్పమంటారా?”

ఆమె నోరు తెరిచింది. అప్పుడే తన గది గుమ్మం పక్కన కుళాయి నీళ్ల బకెట్టు కనబడింది. ఇవాళ మొహం కడుక్కోవడానికి నిన్న తనే పెట్టించుకుంది. దాన్ని చూడగానే చెంపలు వేడెక్కాయి.

“వద్దు,” అంది. “మధ్యాహ్నం దాకా మిషన్లు లేవు. అందరినీ పారలు తీయమను.”

ముప్పై మందీ ఇసుకలో దిగారు. బురద తోడి, ఇసుక కడిగి, మళ్లీ నింపారు. అందరిలోకీ పెద్దవాడు బాయిలర్ చూసే ముసలాయన. దేవుడంటే చాలు దెప్పుతాడని ఆయన్ని ‘నాస్తికం బాబాయ్’ అంటారు.

“ఒక మనిషి తక్కువయ్యాడమ్మా,” అన్నాడాయన. “మీ దేవుణ్ణి వచ్చి ఓ పార పట్టమనండి.”

“నిన్ను పంపాడుగా బాబాయ్. ఉన్నదాంతో సర్దుకోమన్నాడు.”

ఒంటిగంటకి మిషన్లు తిరిగాయి. అయిదింటికి లారీ సగం సరుకుతో కదిలింది.

“సగమే పంపావేం?” అన్నాడు యజమాని ఫోన్లో.

“మిగతాది రేపు పదింటికి సార్. కొనేవాళ్లతో మాట్లాడాను, సరేనన్నారు.”

“సరే, నీ కుర్చీ ఎక్కడికీ పోదు. ముందా మిగతా సగం సంగతి చూడు,” అని పెట్టేశాడు.

ఆమె నేరుగా చివరి తొట్టి దగ్గరికి వెళ్లింది. నీళ్లు తేటగా ఉన్నాయి. దోసిలితో మొహాన జల్లుకుని కళ్లు మూసుకుంది. చక్రం తీసిందెవరైనా సరే, వాళ్లని చల్లగా చూడమని దణ్ణం పెట్టుకుంది.

వెనక గట్టు మీద ఇనుము ఖంగుమంది. ఎర్ర చక్రం. పక్కనే తువ్వాలు దులుపుకుంటూ నాస్తికం బాబాయ్.

“నేనే తీశానమ్మా. నిన్న వెళుతూ వెళుతూ తువ్వాల్లో చుట్టి పట్టుకుపోయాను. పైన ఆయన చూస్తున్నాడో లేదో నాకు తెలీదు. మీరు రోజూ ఈ నీళ్లు మొహాన పోసుకోవడం మాత్రం కళ్లారా చూస్తున్నాను. ఆ ధైర్యంతోనే నా మనవరాలిని ఈ కాలవలో ఈతకి వదులుతున్నాను. నిన్న మీరు నన్ను కుళాయి నీళ్లు పెట్టమన్నారు చూడండి, అప్పుడే అర్థమైపోయింది. మిమ్మల్నే అడుగుదామనుకున్నాను. అడిగితే మీరు అబద్ధమాడాల్సి వస్తుంది. మీ చేత అబద్ధమాడించడం కంటే నేను దొంగతనం చెయ్యడమే నయమనిపించింది.”