దేవుడి పీచు, అంట్ల పీచు

గిన్నెలు తోమే కొబ్బరి పీచును నేను. కొత్తపేటలో సోమిదేవమ్మగారి ఇంట్లో ఒక కాయ వలిచినప్పుడు పుట్టాను. వలిచిన పీచు దులిపి ఆవిడ రెండు ముద్దలు చుట్టింది. ఒకటి దేవుడి ఇత్తడి సామానుకి, రెండోది ఎంగిలి గిన్నెలకి. ఆ రెండోదాన్ని నేను. ఒకే కాయ మీద పక్కపక్కన పెరిగినవాళ్లం. మాలో ఒకరికి మడి, ఒకరికి మైల ఎక్కడ అంటుకుందో నాకు తెలియదు. తప్పుగా అడుగుతున్నానేమో, దేవుడే క్షమించాలి.

ఆ ఇంట్లో ఏదీ ఊరికే పోదు. పులుసు పిండేసిన చింతపండు పిప్పి ఇత్తడికి, నిమ్మతొక్క గట్టు మీది జిడ్డుకి, నీళ్ల పొయ్యి బూడిద మూకుళ్ల మసికి. నాకు మాత్రం కుదురు లేదు. ఒంటి తడి ఆరేలోపే ఇంకో మూకుడు.

సోమిదేవమ్మగారికి చూపు మందగించింది. ఆవిడ ఒప్పుకోదు. ముగ్గు వంకర పోతోందని ముగ్గుగిన్నె, బియ్యంలో రాళ్లు మిగులుతున్నాయని చేట, ఒక్కొక్కటీ కోడలు హైమ చేతికి వెళ్లిపోయాయి. ఆవిడకు మిగిలింది దేవుడి సామాను తోమడమే.

శ్రావణ శుక్రవారం. పేరంటాళ్లు వచ్చే వేళవుతోంది. ఆవిడ కలశం చెంబు ముందు పెట్టుకుని గట్టు మీద తడిమింది. ఆ చివర దేవుడి పీచు, ఈ చివర నేను. చేతికి దొరికింది నేను! నాలో మెతుకులు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. చింతపండు అద్ది చెంబు మీద రుద్దేస్తోంది. అరుద్దామంటే నాకు నోరేది?

హైమ వచ్చి, చూసి, ఆగిపోయింది.

"ఎవరూ, హైమా? ఏం నిలబడిపోయావ్?"

"చెంబు ఇలా ఇవ్వండత్తయ్యా, నేను తోముతాను."

"ముగ్గు తీసుకున్నావ్, చేట తీసుకున్నావ్. ఇక దేవుణ్ణి కూడా కొంగున ముడేసుకో!"

ఒక్క మాట చెబితే ఆ చివరి పనీ ఆవిడ చేతినుంచి జారిపోతుంది. చెప్పకపోతే ఎంగిలి చెంబే పూజకెక్కుతుంది. హైమ అత్తగారి పక్కనే గొంతుకూర్చుంది.

"అది కాదత్తయ్యా. పొద్దున్న పీచులు నేనే తారుమారు చేసేశాను. ఈమధ్య నాకంతా తికమకగా ఉంటోంది."

లేచి దేవుడి పీచుకి ఒక నూలుపోగు చుట్టి, గట్టిగా ముడేసి, ఆవిడ చేతిలో పెట్టింది.

"ముడి తగిలితే దేవుడిది. ఈ గుర్తు లేకపోతే నేను మళ్లీ కలిపేస్తాను."

సోమిదేవమ్మగారు బొటనవేలితో ఆ ముడిని చాలాసేపు నిమిరింది. చెంబుని పసుపు నీళ్లతో కడిగి, మొదటినుంచీ మళ్లీ తోమింది.

"ఈ వయసుకే ఇలాగైతే ఎలాగే? రేపు వెళ్లి కళ్లు చూపించుకో."

"ఒక్కదాన్నీ వెళ్లలేను. మీరూ రండి."

"వస్తాలే. నువ్వసలే భయస్తురాలివి."

ఆపైన నన్ను తీసి అరటి పాదులోకి విసిరింది. "దేవుడి చెంబుని తాకిన పీచు. ఇక దీంతో ఎంగిలి గిన్నెలు తోమకూడదు" అంది, కోడలి వైపు తిరక్కుండానే.

మర్నాడు ఇద్దరూ ఆటో దాకా నడవడం పాదులోంచి చూశాను. చేతులు పట్టుకునే ఉన్నారు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో మాత్రం ఆకులు అడ్డొచ్చి కనిపించలేదు.